స్కూబా డైవింగ్‌కి ట్రావెల్ ఇన్సూరెన్స్: పాలసీ ఎంచుకోవడం నుంచి క్లెయిమ్ డబ్బు చేతికొచ్చే దాకా

అండమాన్‌కో మాల్దీవులకో టికెట్లు తీస్తుంటే చివర్లో ఒక చిన్న గడి కనిపిస్తుంది, ట్రావెల్ ఇన్సూరెన్స్ కావాలా అని. వందో రెండొందలో పోతే పోయాయని టిక్ కొట్టేసి, స్కూబా కూడా అందులోనే వచ్చేస్తుందిలే అనుకుంటారు. మామూలుగా రాదు. ఆ టిక్‌తో వచ్చేది విమానం ఆలస్యమైతే ఇంత, బ్యాగు పోతే ఇంత, ప్రయాణంలో ప్రమాదం జరిగితే ఇంత అనే లెక్క. నీటి కింద జరిగేదానికి ఏర్పాటు వేరే చేసుకోవాలి.

మొదట ఒక్క సంగతి పట్టుకోండి: మూడు లోతులు కలవాలి. డైవింగ్ కోర్సు చేస్తే వచ్చే మీ సర్టిఫికేషన్ కార్డు ఒప్పుకునే లోతు ఒకటి, పాలసీ ఒప్పుకునే లోతు రెండోది, చేతికి కట్టుకునే డైవ్ కంప్యూటర్‌లో నమోదయ్యే లోతు మూడోది. మూడోది మొదటి రెండింటిలో ఏ ఒక్కదాన్ని దాటినా కంపెనీ చేతికి కారణం దొరికినట్టే. కింద చెప్పే పనుల్లో సగం ఈ లెక్క తప్పకుండా చూసుకోవడానికే.

## 1. మీ డైవ్ ఏ కోవలోకి వస్తుందో తేల్చుకోండి

పాలసీ వెతికే ముందే ఇది రాసి పెట్టుకోండి. కంపెనీవాళ్లు మొదట అడిగేదీ ఇదే.

- ట్రై డైవ్. కార్డు ఉండదు, ఇన్‌స్ట్రక్టర్ పక్కనే ఉండి తీసుకెళ్తారు. హావ్‌లాక్ (ఇప్పుడు స్వరాజ్ ద్వీప్), గోవా గ్రాండ్ ఐలాండ్, మురుడేశ్వర్ దగ్గరి నేత్రాణి, విశాఖ రుషికొండ... మనవాళ్లు ఎక్కువగా చేసేది ఇదే. డైవింగ్ శిక్షణ సంస్థ ప్యాడీ వారి డిస్కవర్ స్కూబాలో హద్దు 12 మీటర్లు.
- కోర్సు. ఓపెన్ వాటర్ (మొదటి స్థాయి కోర్సు) చేస్తున్న విద్యార్థికి ఇంకా కార్డు చేతికి రాలేదు. 'సర్టిఫైడ్ డైవర్లకు మాత్రమే' అని రాసిన పాలసీ ఇక్కడ పనికిరాదు.
- సర్టిఫైడ్ డైవర్. ఓపెన్ వాటర్‌కి 18 మీటర్లు, అడ్వాన్స్‌డ్‌కి 30, డీప్ స్పెషాల్టీ చేస్తే 40.
- ప్రొఫెషనల్. డైవ్ మాస్టర్, ఇన్‌స్ట్రక్టర్. జీతం లేకుండా 'ఉచిత డైవ్‌లకు బదులు పని' పద్ధతిలో ఇంటర్న్‌షిప్ చేసేవాళ్లను కూడా కంపెనీ ఈ కోవలోనే చూడొచ్చు.
- టెక్నికల్. డీకంప్రెషన్ స్టాప్‌లతో (పైకి వస్తూ మధ్యలో తప్పనిసరిగా ఆగుతూ) చేసేవి, ట్రైమిక్స్ (హీలియం కలిపిన గ్యాస్), రీబ్రీదర్ (వదిలిన గాలిని శుభ్రం చేసి మళ్లీ ఇచ్చే పరికరం), గుహల డైవింగ్. వీటికి మామూలు ట్రావెల్ పాలసీల్లో చోటు దొరకడం కష్టం. డైవింగ్ కోసమే ఉన్న బీమాకు నేరుగా వెళ్లండి.

## 2. ఇప్పటికే చేతిలో ఉన్నవాటిని చదవండి

ఇంటి ఆరోగ్య బీమా. ఆరోగ్య పాలసీల్లోని మినహాయింపులకు బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2019లో ఒకే రకమైన భాష ఖరారు చేసింది. వాటిలో 09వ కోడ్ సాహస క్రీడలది. అందులో స్కూబా డైవింగ్ పేరు నేరుగా ఉంది. దాన్ని చూసి 'మనకి రాదు' అని వదిలేసేవాళ్లే ఎక్కువ. వాక్యం నింపాదిగా చదవండి: ఆ మినహాయింపు 'ప్రొఫెషనల్‌గా' పాల్గొన్నవాళ్లకు. సెలవుల్లో సరదాగా దిగిన టూరిస్టు ప్రొఫెషనల్ కాదు. కాబట్టి అండమాన్‌లోనో గోవాలోనో ఆసుపత్రిలో చేరాల్సి వస్తే ఇంటి ఆరోగ్య పాలసీ కింద అడిగే హక్కు మీకుంది. 'స్కూబా కాబట్టి రాదు' అని ఎవరైనా ఫోన్‌లో చెప్పేస్తే ఆ కోడ్ చూపించి రాతపూర్వకంగా జవాబు అడగండి.

దీనికి హద్దులున్నాయి. ఎక్కువ పాలసీలు మన దేశం వరకే పనిచేస్తాయి. దీవి నుంచి పడవలోనో విమానంలోనో తరలించిన ఖర్చు రాకపోవచ్చు, వచ్చినా చిన్న మొత్తమే. హైపర్‌బారిక్ చికిత్స (ఒత్తిడి పెంచిన చాంబర్‌లో ఆక్సిజన్ ఇవ్వడం) గురించి మీ పాలసీలో విడిగా ఏమైనా రాశారేమో చూడాలి. ఆఫీసు గ్రూప్ పాలసీ అయితే హెచ్‌ఆర్ ఇచ్చే రెండు పేజీల సారాంశం సరిపోదు, అసలు పాలసీ కాపీ తెప్పించుకోండి.

ఇదే నమ్మకంతో ట్రావెల్ పాలసీ తెరవొద్దు. దాని భాష వేరు. అందులో సాహస క్రీడల్ని మొత్తంగా, ప్రొఫెషనల్ అనే మాట లేకుండానే తీసేసి ఉండొచ్చు.

క్రెడిట్ కార్డు కవర్. చాలావరకు విమాన ప్రమాదంలో మరణానికి పరిమితం. దాన్ని లెక్కలోకి తీసుకోకండి.

'ప్యాకేజీలో ఇన్సూరెన్స్ ఉంది సార్'. డైవ్ షాపులో ఈ మాట వినగానే ఒకటే అడగండి: అది నా పేరు మీద ఉన్నదా, షాపు పేరు మీద ఉన్నదా? షాపు పేరు మీద ఉంటే అది వాళ్ల మీద కేసు పడితే వాళ్లను కాపాడే పాలసీ. మీ ఆసుపత్రి బిల్లు కట్టేది కాదు. కొన్నిచోట్ల మీ పేరు మీదే చిన్న వ్యక్తిగత ప్రమాద బీమా ఇస్తారు. అది మరణానికి, శాశ్వత అంగవైకల్యానికి. చెవి పొరకు దెబ్బ తగిలితే దానికి సంబంధం ఉండదు.

అమెరికాలో ఉద్యోగం చేస్తూ మెక్సికోలోని కోజుమెల్‌కో కరీబియన్‌కో వెళ్లే తెలుగువాళ్లకూ ఇదే మాట. కంపెనీ ఇచ్చిన హెల్త్ ప్లాన్ విదేశంలో అత్యవసర చికిత్సకు తర్వాత డబ్బు తిరిగివ్వొచ్చు గానీ, తరలింపు ఖర్చు అందులో ఉందో లేదో విడిగా చూడాలి.

## 3. పాలసీ వర్డింగ్స్‌లో చూడాల్సిన చోట్లు

వెబ్‌సైట్ పేజీ చదివి కొనొద్దు. 'పాలసీ వర్డింగ్స్' అనే పీడీఎఫ్ ఉంటుంది, నలభై యాభై పేజీలు. మొత్తం చదవక్కర్లేదు. కింది చోట్లు మాత్రం వదలొద్దు.

'యాక్సిడెంట్' నిర్వచనం. మన పాలసీల్లో ఇది దాదాపు ఒకేలా ఉంటుంది: అకస్మాత్తుగా, ఊహించని విధంగా, మన ప్రమేయం లేకుండా, బయటి నుంచి, కంటికి కనిపించేలా, బలంగా జరిగిన ఘటన. ఇప్పుడు డీకంప్రెషన్ సిక్‌నెస్‌ని ఈ గడిలో పెట్టి చూడండి. ఒత్తిడిలో ఒంట్లో కరిగిన నైట్రోజన్, పైకి వచ్చాక బుడగలుగా మారి కీళ్లలోనో నరాల్లోనో ఇబ్బంది పెడుతుంది. బయటి నుంచి తగిలిందేమీ లేదు, కంటికి కనిపించిందీ లేదు. డైవ్ ప్లాన్ ప్రకారమే చేసి, కంప్యూటర్ ఒక్కసారి కూడా మోగకుండా పైకి వచ్చిన మనిషికి కూడా ఇది రావొచ్చు. 'ప్రమాదం'కి మాత్రమే డబ్బిచ్చే కవర్ అయితే ఇది జబ్బు, ప్రమాదం కాదు అని ఫైలు మూసేసే వీలుంది. అందుకే సాహస క్రీడల యాడ్-ఆన్ (అదనపు ప్రీమియంతో జోడించుకునే కవర్) తీసుకున్నప్పుడు అది ప్రమాద మరణానికేనా, వైద్య ఖర్చులకు కూడానా అన్నది మొదటి ప్రశ్న కావాలి. యాడ్-ఆన్ ధర చూసి మురిసిపోయేవాళ్లు బోల్తాపడేది సరిగ్గా ఇక్కడే.

లోతు, కార్డు, తోడు. 'అర్హత ఉన్న ఇన్‌స్ట్రక్టర్ పర్యవేక్షణలో' అని ఉంటే, మీరూ మీ స్నేహితుడూ ఇద్దరే కార్డులున్న డైవర్లుగా దిగడం అందులోకి రాకపోవచ్చు. 'సర్టిఫికేషన్ పరిధిలో' అని ఉంటే ఓపెన్ వాటర్ కార్డుతో 25 మీటర్లకు వెళ్లడం కుదరదు, డైవ్ మాస్టర్ 'ఏం కాదు రండి' అన్నా సరే. 30 మీటర్ల హద్దు రాసినచోట దాని అర్థం 30 మీటర్లే. గోడలా కిందికి దిగిపోయే రీఫ్ పక్కన ఈదుతూ, ఫొటో కోసం ఒక్క క్షణం కిందికి జారితే కంప్యూటర్‌లో గరిష్ఠ లోతు 31.6 అని పడుతుంది. దాన్ని చెరపడానికి మార్గం లేదు.

స్థానిక చట్టం. చట్టవిరుద్ధంగా చేసిన పనికి కవర్ లేదనే వాక్యం సాధారణంగా ఉంటుంది. మాల్దీవుల్లో వినోద డైవింగ్‌కి నిబంధనల ప్రకారం హద్దు 30 మీటర్లు. మీ కార్డు 40 అన్నా, పాలసీ 40 అన్నా, అక్కడ 35 మీటర్లకు వెళ్తే మీరే నిబంధన దాటినట్టు.

హైపర్‌బారిక్ చాంబర్. ఈ మాట పాలసీలో ఎక్కడైనా ఉందేమో పీడీఎఫ్‌లో సెర్చ్ చేయండి. 'రీకంప్రెషన్' అని కూడా వెతకండి. డీకంప్రెషన్ సిక్‌నెస్‌కి ఎక్కువగా వాడే అమెరికన్ నేవీ టేబుల్ 6 (చాంబర్‌లో ఎంత ఒత్తిడి, ఎంతసేపు అని చెప్పే పట్టిక) ప్రకారం ఒక్క సెషనే 5 గంటలకు కాస్త తక్కువ. లక్షణాలు మిగిలితే మర్నాడు మళ్లీ, ఆ మర్నాడు మళ్లీ. సెషన్ల సంఖ్యకో మొత్తానికో ఉప పరిమితి ఉంటే ఇక్కడ తెలుస్తుంది.

తరలింపు. ఎమర్జెన్సీ మెడికల్ ఎవాక్యుయేషన్ మొత్తం వైద్య ఖర్చుల్లో భాగమా, విడిగా ఉందా? 'అసిస్టెన్స్ కంపెనీ (బీమా కంపెనీ తరఫున అత్యవసర ఏర్పాట్లు చూసే సంస్థ) ఏర్పాటు చేస్తేనే' అనే షరతు దాదాపు తప్పకుండా ఉంటుంది. మీరు కంగారులో స్పీడ్ బోటు మాట్లాడేసుకుంటే ఆ బిల్లు మీ జేబులోంచే. గాలింపు, రక్షణ ఖర్చులు అన్నది ఇంకో లైను. డైవర్ ప్రవాహంలో కొట్టుకుపోతే వెతకడానికయ్యే ఖర్చు తరలింపు కింద రాదు.

డిడక్టిబుల్. 100 డాలర్ల డిడక్టిబుల్ అంటే మొదటి 100 డాలర్లు మీవే. డైవింగ్‌లో అన్నిటికన్నా ఎక్కువగా జరిగేది మధ్య చెవికి ఒత్తిడి దెబ్బ. డాక్టర్ ఫీజు, మందులు కలిపితే చాలాసార్లు ఆ గీత కిందే ఉండిపోతుంది. అంటే పాలసీ ఉన్నా పైసా రాదు. ఇది మోసం కాదు, మీరు ఒప్పుకున్న లెక్కే.

సామగ్రి. బ్యాగేజీ కవర్ చెక్-ఇన్ చేసిన బ్యాగు పోతే ఇచ్చేది, అందులోనూ ఒక్కో వస్తువుకు పరిమితి. నీటిలో జారిపోయిన కెమెరాకు రాదు. రెగ్యులేటర్ (ట్యాంక్ గాలిని నోటికి అందించేది), డైవ్ కంప్యూటర్ చేతి సంచిలో పెట్టుకుంటే ఈ తలనొప్పే ఉండదు.

జలుబు చేసి డైవ్ మానేస్తే. ట్రిప్ క్యాన్సిలేషన్ కవర్ ప్రయాణమే రద్దయితే పనిచేస్తుంది. ముక్కు దిబ్బడ వల్ల మిస్సయిన నాలుగు డైవ్‌ల డబ్బు మామూలు పాలసీ ఇవ్వదు.

## 4. ఎంత మొత్తానికి, ఏ కలయికలో

అండమాన్, లక్షద్వీప్, నేత్రాణి, పుదుచ్చేరి. ఇంటి ఆరోగ్య పాలసీ ఆధారంగా పెట్టుకుని, దాని మీద సాహస క్రీడలతో పాటు తరలింపు కూడా ఉన్న దేశీయ ట్రావెల్ పాలసీ జోడించండి. ఇక్కడ అసలు కొరత డాక్టరు ఫీజుకు కాదు, దీవి నుంచి చాంబర్ ఉన్నచోటికి చేరడానికి.

మాల్దీవులు, థాయ్‌లాండ్, బాలి, శ్రీలంక. మన కంపెనీలు 50,000 డాలర్ల నుంచి 5,00,000 దాకా రకరకాల మొత్తాలకు అమ్ముతాయి. డైవింగ్ ఉంటే 1,00,000 కన్నా తక్కువ తీసుకోవద్దని మా మాట. తేడా ప్రీమియం ఒక డైవ్ ఖర్చంత కూడా ఉండదు. వయసు 60 దాటితే గది అద్దె, సర్జన్ ఫీజు లాంటివాటికి విడివిడి ఉప పరిమితులు పెట్టే పాలసీలుంటాయి. పెద్దవాళ్లకు తీసేటప్పుడు మొత్తం కన్నా అవి ముఖ్యం.

లైవ్‌అబోర్డ్ (రోజుల తరబడి పడవ మీదే ఉండి డైవ్ చేసే ట్రిప్), 30 మీటర్లకు మించి, ఏడాదికి రెండు మూడు ట్రిప్పులు. డైవింగ్‌కే పెట్టిన బీమా విడిగా తీసుకోండి. చాలా లైవ్‌అబోర్డ్ పడవలు అది చూపించకుండా ఎక్కనివ్వవు. ఈ రంగంలో పాత పేరు డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్, అందరూ డ్యాన్ అంటారు. 1980లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో మొదలైంది. ఇక్కడో పొరపాటు మళ్లీమళ్లీ జరుగుతుంది: డ్యాన్ సభ్యత్వం కట్టి బీమా అయిపోయిందనుకోవడం. సభ్యత్వం వేరు, డైవ్ యాక్సిడెంట్ ప్లాన్ వేరు. మీరు నివసించే దేశాన్ని బట్టి ఏ ప్లాన్ దొరుకుతుందో మారుతుంది కాబట్టి చిరునామా దగ్గర నిజం రాయండి. హైదరాబాద్‌లో ఉంటూ అమెరికాలో ఉన్న అన్నయ్య చిరునామా రాస్తే క్లెయిమ్ రోజున అదే అడ్డం తిరుగుతుంది.

డైవ్ బీమా ఉన్నా ట్రావెల్ పాలసీ అవసరం పోదు. పడవ మెట్ల మీద జారి కాలు విరిగినా, డెంగీ వచ్చినా చూసేది ట్రావెల్ పాలసీయే.

తేదీల విషయం: మన దేశంలో అమ్మే విదేశీ ట్రావెల్ పాలసీలు సాధారణంగా ఇక్కడి నుంచి బయల్దేరకముందే కొనాలి. ఏడాది పాలసీ తీసుకుంటే ఒక్కో ట్రిప్పుకు ఎన్ని రోజులో హద్దు ఉంటుంది. ఆఖరి డైవ్‌కీ విమానానికీ మధ్య పెట్టుకునే ఖాళీ రోజు కూడా ఆ లెక్కలోకి వచ్చేలా తేదీలు వేయండి.

## 5. కొనేముందు కంపెనీకి ఒక ఈమెయిల్

కాల్ సెంటర్ మాట గాలిలో మాట. ఇంగ్లిష్‌లో రాయండి, హిందీలో రాయండి, ఈ ప్రశ్నలు మాత్రం ఉండాలి. ప్లాన్ పేరు, యాడ్-ఆన్ పేరు మొదటి లైనులోనే రాయండి.

1. వినోదం కోసం చేసే స్కూబా డైవింగ్ ఈ ప్లాన్‌లో కవర్ అవుతుందా? ఎన్ని మీటర్ల వరకు?
2. నా దగ్గర ఫలానా కార్డు ఉంది (లేదా లేదు, ఇన్‌స్ట్రక్టర్‌తో ట్రై డైవ్ చేస్తాను). అది సరిపోతుందా?
3. డీకంప్రెషన్ సిక్‌నెస్, ఆర్టీరియల్ గ్యాస్ ఎంబాలిజం (రక్తనాళంలో గాలి బుడగ అడ్డుపడడం), బారోట్రామా (చెవి, ఊపిరితిత్తుల్లాంటివాటికి ఒత్తిడి దెబ్బ)... ఈ మూడింటికీ వైద్య ఖర్చులు ఇస్తారా, ప్రమాద మరణానికే ఇస్తారా?
4. హైపర్‌బారిక్ చాంబర్ చికిత్సకు ఉప పరిమితి ఉందా?
5. దీవి నుంచి చాంబర్ దాకా పడవ లేదా విమానం ఖర్చు ఏ సెక్షన్ కింద వస్తుంది?
6. ఆసుపత్రిలో చేరాక ఎన్ని గంటల్లోగా మీకు చెప్పాలి?

'దయచేసి పాలసీ వర్డింగ్స్ చూడండి' అని జవాబొస్తే అది జవాబు కాదు. సెక్షన్ నంబరు అడుగుతూ ఇంకోసారి రాయండి. రెండోసారీ అదే వస్తే ఇంకో కంపెనీ చూసుకోండి. వచ్చిన జవాబు పీడీఎఫ్‌గా దాచుకోండి.

## 6. రెండు ఫారాలు, ఒకే జవాబు

ప్రపోజల్ ఫారంలో బీమా కంపెనీ మీ జబ్బులు అడుగుతుంది. డైవ్ షాపులో ఇంకో ఫారం ఇస్తారు, డైవర్ మెడికల్ క్వశ్చనేర్. మొదటి పేజీలో 10 ప్రశ్నలుంటాయి. 3, 5, 10 ప్రశ్నల్లో దేనికైనా 'అవును' అంటే డాక్టర్ సంతకం కావాలి. మిగతావాటిలో దేనికైనా 'అవును' అంటే రెండో పేజీలో ఆ జబ్బుకు సంబంధించిన గడికి వెళ్లి, అక్కడ కూడా 'అవును' వస్తే డాక్టర్ దగ్గరికి.

పడవ బయల్దేరే పావుగంట ముందు ఈ ఫారం చేతిలో పెట్టి 'అన్నీ నో పెట్టేయండి మేడం' అనడం మనకు కొత్త కాదు. ఇంటి ఆరోగ్య పాలసీలో బీపీ, ఆస్తమా ప్రకటించి ఉంటారు. ట్రావెల్ పాలసీలో రాయరు. డైవ్ ఫారంలో 'నో'. క్లెయిమ్ వచ్చినప్పుడు మూడు కాగితాలూ ఒకే బల్ల మీదికి చేరతాయి. అప్పుడు ఆస్తమాకూ ప్రమాదానికీ సంబంధం లేకపోయినా, నిజం దాచారన్న వాదనకు చోటిచ్చినట్టే.

చేయాల్సింది: ఫారం నెల ముందే డైవ్ షాపు నుంచి ఈమెయిల్‌లో తెప్పించుకోండి. 'అవును' ఉంటే మీ ఊళ్లోనే డాక్టర్‌కి చూపించి సంతకం తీసుకోండి. ఊపిరితిత్తులు, గుండె, మూర్ఛ, చెవి ఆపరేషన్, ఈ మధ్య జరిగిన సర్జరీ, గర్భం... వీటిలో ఏదున్నా డైవింగ్ వైద్యం తెలిసినవాళ్లను అడగడమే మేలు.

## 7. బయల్దేరే ముందు: చాంబర్ ఎక్కడుందో తెలుసుకోండి

డైవ్ షాపును ఈ మూడు అడగండి: పడవలో ఆక్సిజన్ ఉందా, దగ్గరి రీకంప్రెషన్ చాంబర్ ఏది, అది ఈ వారం పనిచేస్తోందా. మూడో ప్రశ్నే అసలైనది. చాంబర్లు మరమ్మతులకు మూతపడుతుంటాయి, నడిపేవాళ్లు సెలవులో ఉంటారు.

అండమాన్‌లో చూసుకోవాల్సింది శ్రీ విజయపురం (పోర్ట్ బ్లెయిర్) నౌకాదళ ఆసుపత్రి ఐఎన్‌హెచ్‌ఎస్ ధన్వంతరి. హావ్‌లాక్ నుంచి అక్కడికి సముద్రం మీదే వెళ్లాలి. చీకటి పడ్డాక మామూలు ఫెర్రీ ఉండదు, అందుకే తరలింపు సెక్షన్ అంత ముఖ్యం. మాల్దీవుల్లో బండోస్ దీవిలో చాంబర్ ఉంది.

ఒక హెచ్చరిక. నగరాల్లో వెల్‌నెస్ సెంటర్లు 'హైపర్‌బారిక్ ఆక్సిజన్ థెరపీ' బోర్డు పెట్టి గాలి నింపిన మెత్తని గొట్టంలో పడుకోబెడతాయి. వాటి ఒత్తిడి డైవింగ్ జబ్బుకు సరిపోదు. చికిత్స మొదలయ్యేది 18 మీటర్ల లోతుకు సమానమైన ఒత్తిడితో. గాయాలకు చికిత్స చేసే ఆసుపత్రి చాంబర్లలో కూడా అన్నీ రాత్రిపూట డైవర్లను తీసుకోవు.

ఫోన్‌లో, కాగితం మీద కూడా ఉండాల్సినవి:

- పాలసీ నంబరు, అసిస్టెన్స్ కంపెనీ అంతర్జాతీయ ఫోన్ నంబరు (మన టోల్‌ఫ్రీ నంబర్లు విదేశం నుంచి కలవవు)
- పైన 5వ భాగంలో చెప్పిన ఈమెయిల్‌కు కంపెనీ ఇచ్చిన జవాబు
- సర్టిఫికేషన్ కార్డు ఫొటో
- మెడికల్ ఫారం కాపీ
- చాంబర్ పేరు, నంబరు
- ఇంటి దగ్గర ఒక మనిషికి వీటన్నిటి కాపీ

## 8. డైవింగ్ రోజుల్లో

మీ కంప్యూటర్ మీ చేతికే. అద్దెకు తీసుకున్నదైతే రోజంతా అదే కావాలని చెప్పండి. మధ్యాహ్నం వేరేది చేతికి కడితే ఉదయం డైవ్ లెక్క దానికి తెలియదు. సాయంత్రం వెనక్కి ఇచ్చేముందు లాగ్ స్క్రీన్ ఫొటో తీయండి: తేదీ, గరిష్ఠ లోతు, నిమిషాలు. ట్రై డైవ్ చేసేవాళ్లకు కంప్యూటర్ ఉండదు, ఇన్‌స్ట్రక్టర్ కంప్యూటర్‌ను ఫొటో తీసుకోవచ్చు. అడగడానికి మొహమాటపడొద్దు.

బీరు డైవ్ తర్వాతే. మద్యం మినహాయింపు దాదాపు ప్రతి పాలసీలోనూ ఉంటుంది. ఆసుపత్రి కేస్ షీట్‌లో 'మద్యం వాసన' అని ఒక్క మాట పడితే చాలు.

విమానం. డ్యాన్ సూచనలివి. డీకంప్రెషన్ అవసరం లేని ఒక్కటే డైవ్ అయితే కనీసం 12 గంటలు. ఒకే రోజు ఎక్కువ డైవ్‌లు లేదా వరుసగా కొన్ని రోజులు చేస్తే కనీసం 18. డీకంప్రెషన్ స్టాప్‌లున్న డైవ్‌లైతే 18 కన్నా బాగా ఎక్కువ. 24 పెట్టుకుంటే లెక్కలే అక్కర్లేదు.

ఘాట్ రోడ్డు. మన దగ్గర దీన్ని ఎవరూ పట్టించుకోరు. విమానం క్యాబిన్‌లో జరిగేదే కొండ మీదా జరుగుతుంది, ఒత్తిడి తగ్గుతుంది. 600 మీటర్లు దాటితే విమానంతో సమానంగా చూడాలి. ఉదయం రుషికొండలో డైవ్, మధ్యాహ్నం అరకు అంటే 900 మీటర్ల పైకి ఎక్కినట్టే. ఆదివారం నేత్రాణిలో దిగి, అదే రాత్రి బస్సెక్కి సోమవారం ఉదయం బెంగళూరు ఆఫీసుకు వెళ్లడమూ ఇంతే, బెంగళూరు కూడా 900 మీటర్ల ఎత్తు. కొండలు ముందు, సముద్రం తర్వాత. ట్రిప్పును ఈ వరుసలో వేసుకుంటే సరిపోతుంది.

## 9. ఏదైనా తేడాగా అనిపిస్తే

కీళ్లలో లోపలి నుంచి సలుపు, చర్మం మీద మచ్చలు మచ్చలుగా దద్దురు, తిమ్మిరి, కాళ్లలో బలం లేకపోవడం, తల తిరగడం, మూత్రం రాకపోవడం, మామూలు కాని అలసట. ఇవి ఎక్కువగా కొన్ని గంటల్లోనే, దాదాపు అన్నీ 24 గంటల్లోపు బయటపడతాయి. 'నిన్న రొయ్యలు పడలేదేమో', 'ట్యాంక్ మోసి భుజం పట్టేసింది' అని మనిషి తనకు తానే సర్దిచెప్పుకుంటాడు. వైద్యం ఆలస్యమయ్యేది ఇలాగే, క్లెయిమ్ బలహీనపడేదీ ఇలాగే.

1. ఆక్సిజన్. వెంటనే 100% ఆక్సిజన్, మనిషిని వెల్లకిలా పడుకోబెట్టాలి. ఊపిరి అందకపోతేనో స్పృహ తప్పితేనో స్థానిక అత్యవసర సేవలకు మొదటి ఫోన్. మళ్లీ నీళ్లలోకి దింపి 'సరిచేయడం' వద్దే వద్దు. ఆక్సిజన్‌తో నొప్పి తగ్గినా డాక్టర్‌కి చూపించాల్సిందే.
2. డైవింగ్ వైద్య సలహా. డ్యాన్ అత్యవసర ఫోన్ సభ్యులు కానివాళ్లకు కూడా పలుకుతుంది. దగ్గర్లోని జనరల్ డాక్టర్ డైవింగ్ కేసు ఎప్పుడూ చూసి ఉండకపోవచ్చు. ఇద్దరినీ ఫోన్‌లో కలపండి.
3. అసిస్టెన్స్ కంపెనీ. ఆసుపత్రిలో చేరేముందు, కుదరకపోతే చేరిన వెంటనే. కేస్ నంబరు, మాట్లాడినవాళ్ల పేరు, సమయం రాసుకోండి. ఆసుపత్రికి గ్యారంటీ లెటర్ పంపమని అడగండి, అది వస్తేనే క్యాష్‌లెస్.
4. తరలింపు. విమానంలో తీసుకెళ్లాలంటే క్యాబిన్ ఒత్తిడి సముద్ర మట్టానికి దగ్గరగా, లేదా హెలికాప్టర్ 300 మీటర్ల లోపు ఎత్తులో వెళ్లేలా చూడమని చెప్పాలి. అసిస్టెన్స్ డెస్క్‌లో కూర్చున్న మనిషికి ఇది తెలిసి ఉంటుందని అనుకోకండి.
5. కంప్యూటర్, సామగ్రి. స్విచ్‌లు నొక్కొద్దు, బ్యాటరీ తీయొద్దు. రెగ్యులేటర్, బీసీడీ (తేలడానికి గాలి నింపుకునే జాకెట్), ట్యాంక్ వాల్వ్ ఉన్న స్థితి ఫొటో తీయండి.

డాక్టర్ కేస్ షీట్ రాసేటప్పుడు పక్కనున్నవాళ్లు ఒకటి చూసుకోవాలి. 'డీప్ సీ డైవింగ్' అని అలవాటుగా రాసేస్తుంటారు. 12 మీటర్ల ట్రై డైవ్‌కి ఆ మాట తప్పు. పైగా 09వ కోడ్‌లో డీప్ సీ డైవింగ్ అని విడిగా పేరుంది. 'రిక్రియేషనల్ స్కూబా, ఇన్ని మీటర్లు, ఇన్ని నిమిషాలు' అని రాయించండి. డిశ్చార్జ్ అయ్యాక మార్పించడం గగనం.

## 10. క్లెయిమ్ ఫైలు

ఆసుపత్రి నుంచి బయటికి వచ్చేముందే ఇవి చేతిలో ఉండాలి. ఊరికి చేరాక థాయ్‌లాండ్ ఆసుపత్రికి ఈమెయిల్స్ పెట్టుకుంటూ కూర్చోవడం ఎవరివల్లా కాదు.

- డిశ్చార్జ్ సమ్మరీ, ఇంగ్లిష్‌లో, సీలు సంతకంతో
- విడివిడి పద్దులున్న బిల్లు, చెల్లించిన రసీదులు (రెండూ వేర్వేరు కాగితాలు)
- చాంబర్ ట్రీట్‌మెంట్ షీట్: ఏ టేబుల్, ఎన్ని గంటలు, ఎన్ని సెషన్లు
- డైవ్ షాపు ఇన్సిడెంట్ రిపోర్టు, ఇన్‌స్ట్రక్టర్ సంతకంతో
- కంప్యూటర్ లాగ్, డౌన్‌లోడ్ చేసిన గ్రాఫ్ ఉంటే మరీ మంచిది
- సర్టిఫికేషన్ కార్డు, మెడికల్ ఫారం కాపీలు
- పాస్‌పోర్టు, రాకపోకల స్టాంపులు లేదా బోర్డింగ్ పాసులు
- పడవ, ట్యాక్సీ రసీదులు, వాటికి అసిస్టెన్స్ కంపెనీ ఒప్పుకున్నట్టు మెసేజ్
- క్లెయిమ్ ఫారం, క్యాన్సిల్ చేసిన చెక్కు

గడువు చాలా పాలసీల్లో 30 రోజులే. ఒక కాగితం రాలేదని మొత్తం ఆపొద్దు. ఉన్నవి పంపి, 'ఫలానాది వస్తోంది' అని రాయండి. ఒరిజినల్స్ ఇచ్చేముందు ప్రతి పేజీ స్కాన్ చేసుకోండి. రెండు పాలసీలు ఉంటే మొదటి కంపెనీ సెటిల్‌మెంట్ లెటర్ తీసుకుని మిగిలిన మొత్తానికి రెండోదాన్ని అడగాలి, ఒకే బిల్లుకు రెండుసార్లు పూర్తి డబ్బు అడిగితే రెండూ చిక్కులో పడతాయి.

## 11. తిరస్కరిస్తే

లెటర్‌లో ఏ క్లాజు కింద తిరస్కరించారో రాసి ఉండాలి. లేకపోతే అడగండి. 'ప్రమాదం కాదు' అంటే మీ ఈమెయిల్ జవాబు, 'సాహస క్రీడ' అంటే యాడ్-ఆన్ పేజీ, 'లోతు దాటారు' అంటే కంప్యూటర్ లాగ్... కారణానికి తగ్గ కాగితం జతచేసి కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసర్‌కి రాయండి. బాధ వెళ్లబోసుకునే నాలుగు పేజీల లేఖ కన్నా, క్లాజు నంబరు వేసి రాసిన అర పేజీ బాగా పనిచేస్తుంది.

అక్కడా తేలకపోతే ఐఆర్‌డీఏఐ వారి బీమా భరోసా పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయొచ్చు. కంపెనీ నెల రోజుల్లో జవాబివ్వకపోయినా, ఇచ్చిన జవాబు నచ్చకపోయినా బీమా అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు. తెలుగు రాష్ట్రాలకు కార్యాలయం హైదరాబాద్‌లో ఉంది. ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు. 50 లక్షల రూపాయల దాకా ఉన్న వివాదాలు వింటారు. తిరస్కరణ లేఖ వచ్చిన ఏడాదిలోపు వెళ్లాలి. ఈలోగా వినియోగదారుల కోర్టులో అదే కేసు వేస్తే అంబుడ్స్‌మన్ తీసుకోరు, కాబట్టి వరుస ముందే నిర్ణయించుకోండి.